డబ్బాడు తవుడు

హేమలత ముగ్గురు పిల్లల్లో ఇద్దరు ఆమెను అమ్మా అని పిలుస్తారు. మూడోది, రెండున్నరేళ్ళ రంజని, చిన్నమ్మా అంటుంది. అమ్మా అనే పిలుపు నంద్యాలలో ఉన్న పెదనాన్న భార్య సుకన్యకు దాచిపెట్టుకుంది.

ఇందులో పిల్ల తప్పేమీ లేదు. అట్లా పిలవమని నేర్పింది ఇంట్లోవాళ్ళే. రెండోవాడు పార్థు తర్వాత పుట్టిన బిడ్డ ఎనిమిదో రోజున పోయింది. ఆ మీదట రంజని ఏడో నెలలోనే పుట్టి, నంద్యాల ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు గాజుపెట్టెలో పడుకుంది. ఆళ్ళగడ్డకు తెచ్చిన రోజున అత్త పద్మమ్మ పిల్లను గడప దాటనివ్వలేదు. మన బిడ్డ అనుకుంటే ఇది నిలవదు, ఎవరికైనా అమ్మేయాలి అంది. వాళ్ళ వంశంలో ఇదివరకు ఇద్దరిని అట్లా అమ్మే బతికించుకున్నారట. కొనేవాళ్ళ పిల్లలు గట్టిగా నిలిచి ఉండాలి. పెద్దకోడలు సుకన్యకు ఇద్దరు మగపిల్లలు, జలుబంటే ఏందో తెలియకుండా పెరిగారు. కాబట్టి సుకన్యే కొనింది. వాకిట్లో చాట పెట్టి, అందులో పాత చీర మడిచి పరిచి, పిల్లను పడుకోబెట్టారు. సుకన్య ఒక డబ్బా తవుడు హేమలత ఒడిలో పోసి పిల్లను ఎత్తుకుంది. ఎత్తుకున్న మరుక్షణమే, మా పిల్లను కొన్నాళ్ళు సాకిపెట్టు అని తిరిగి హేమలత చేతుల్లోనే పెట్టింది. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు. అందరికంటే హేమలతే ఎక్కువ నవ్వింది. బిడ్డ బతికితే చాలు, ఎవరి బిడ్డయితేనేం అనుకుంది.

షరతు ఒకటే. మూడేళ్ళు నిండి, అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించేదాకా పిల్ల సుకన్యది. ఆమెను అమ్మా అనాలి. కన్నతల్లిని, సుకన్య కొడుకులు పిలిచినట్టే, చిన్నమ్మా అనాలి. వెంట్రుకలు తీయించిన రోజున మళ్ళీ డబ్బాడు తవుడు ఇచ్చి కొనుక్కోవాలి. అప్పటిదాకా పద్మమ్మ నోట ఆ పిల్ల పేరు తౌడమ్మ.

పిల్ల బతికింది. బతికి మాటలు నేర్చింది. హేమలతకు కడుపుమంట మొదలైంది అప్పుడే.

పొద్దున్నే లేచింది మొదలు ఆ ముగ్గురితో ఆమెకు ఊపిరాడదు. సాయి ప్రియ మూడో తరగతి. రెండు జడలు సమానంగా ఉండాలంటుంది, ఒకటి వేలెడు పొడుగైనా విప్పి మళ్ళీ వేయమంటుంది. ఆ జడలు వేస్తూ పేన్లు తీయాలి. పార్థుకు అయిదేళ్ళు. వాడికి ఎప్పుడు చూసినా ఒక బూటే దొరుకుతుంది. రెండోది వెతికేలోపల మొదటిది పోతుంది. ఒక రోజు అది బియ్యం డ్రమ్ములో దొరికింది, ఎందుకు పెట్టావంటే పెంచుతున్నానన్నాడు. వాళ్ళిద్దరినీ బడికి తోసి వెనక్కి తిరిగేసరికి రంజని తలగడ చింపి దూది తింటూ ఉంటుంది. మొగుడు హరీష్ అప్పటికే బండి మీద ఉయ్యాలవాడ దగ్గరి శనగచేలకు వెళ్ళిపోయి ఉంటాడు. సాయంత్రం వచ్చి, పిల్లలు బంగారంలా ఉన్నారు, నువ్వెందుకు అరుస్తావు అంటాడు.

అరవకుండా పిల్లలను పెంచే మనిషి సుకన్య. ఆ సంగతే హేమలతకు మింగుడుపడదు.

రంజనిని చూపించడానికి నెలకు రెండుసార్లు నంద్యాల డాక్టరు దగ్గరికి పోవాలి. చూపించాక మధ్యాహ్నం భోజనం సుకన్య ఇంట్లోనే. బావ శ్రీకాంత్‌కు విత్తనాల కంపెనీలో ఉద్యోగం, మేడమీద రెండు గదుల అద్దె ఇల్లు. ఆ ఇంట్లో గ్లాసులన్నీ ఒకే తీరువి. బట్టల మీద పసుపు మరకలుండవు. సుకన్య కొడుకులు బడినుంచి వచ్చి, చెప్పులు వరసగా విడిచి, చేతులు కడుక్కుని, ఎవరి పుస్తకం వాళ్ళు తీసుకుంటారు. హేమలత ఆ చెప్పుల వరస చూస్తుంది. తన ఇంట్లో రెండు చెప్పులు పక్కపక్కన కనపడింది పెళ్ళి రోజునే.

అదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది తిండి. ఆళ్ళగడ్డలో రంజనికి నాలుగు ముద్దలు తినిపించాలంటే హేమలత గిన్నె పట్టుకుని వీధి చివరిదాకా తిరగాలి. కుక్కను చూపించాలి, ఆటోను చూపించాలి, చివరికి పోలీసును పిలుస్తానని బెదిరించాలి. నాలుగో ముద్ద తల్లి మీదికే ఊసేస్తుంది. నంద్యాలలో అదే పిల్ల సుకన్య ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, రాగి సంగటి, పప్పు, నోరు తెరిచి తెరిచి తింటుంది. హేమలత గోడకానుకుని కూర్చుని ఆ ముద్దలు లెక్కపెడుతుంది. పోయిన నెల తొమ్మిది. ఈసారి పదకొండు.

"నువ్వు బెదరకొడ్తావ్‌మే దాన్ని. అందుకే తినదు," అంటుంది సుకన్య తలెత్తకుండా.

ఆ మాటకు హేమలత నవ్వుతుంది. బస్సెక్కాక పిల్ల తల వాసన చూస్తుంది. సుకన్య రాసిన కొబ్బరినూనె వాసన. ఇంటికి చేరగానే, పొద్దున పోసిందే అయినా, మళ్ళీ తలకు నీళ్ళు పోస్తుంది. జలుబు చేస్తుందని అత్త గొణిగితే వినపడనట్టు ఉంటుంది.

శ్రావణమాసంలో ఒక ఆదివారం ముసురు పట్టింది. పిల్లలు బయటికి పోయే వీల్లేదు. ఇంట్లో ఉన్న కుర్చీలు, పీటలు, నీళ్ళ బిందెతో సహా లాగి వరసపెట్టి బస్సు చేశారు. పార్థు కండక్టరు. సాయి ప్రియ డ్రైవరు, పళ్ళెం పట్టుకుని తిప్పుతోంది. హేమలత వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వింటూ ఉంది. అట్లాంటి ఆటలు విన్నప్పుడు ఆమెకు పొద్దుటి బూట్లు, పేన్లు అన్నీ మరుపుకొస్తాయి. పార్థు అచ్చం వాళ్ళ నాయన గొంతుతో, లోపలికి జరగండప్పా, లోపలికి జరగండి అంటున్నాడు. ఆమె తనలో తనే నవ్వుకుంది.

"యాడికిమ్మా నువ్వు?" అని చెల్లెలిని అడిగాడు.

"నంద్యాల," అంది రంజని.

"అవుకుకు పోతాది ఈ బస్సు. డ్యాము చూద్దువు, రా."

"నంద్యాలే. అమ్మ కాడికి."

పార్థు చాలా ఊళ్ళు చెప్పి చూశాడు. అవుకులో పెద్ద చేపలుంటాయన్నాడు, కోయిలకుంట్లలో ఐస్‌క్రీమన్నాడు. పిల్ల ప్రతిదానికీ నంద్యాలే అంది. టికెట్టుకు బదులు చేతిలో ఉన్న చెనక్కాయ గింజ ఇచ్చి, బిందె పక్కన బుద్ధిగా కూర్చుని, బస్సు కదలాలని ఎదురుచూసింది. వంటింటి గుమ్మంలో నిలబడిన తల్లిని చూసి, పరాయి ఊరికి పోయేవాళ్ళు ఊపినట్టు చెయ్యూపింది.

హేమలత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఉల్లిపాయల వల్లనే అనుకుంది. పిల్లకు మూడేళ్ళు నిండే మాఘమాసం రావడానికి ఇంకా ఆరునెలలుంది. ఆ ఆరునెలల్లో ఈ పిల్ల పూర్తిగా నంద్యాల బస్సు ఎక్కేస్తుందనిపించింది.

ఆ వారంలోనే ఆమె ఒక పని చేసింది. ఎవరికీ చెప్పలేదు, హరీష్‌కు కూడా. బియ్యం మిల్లుకు పోయి తవుడు తెచ్చింది. అప్పుడు సుకన్య కొలిచిన డబ్బా ఇంట్లోనే ఉంది, పాత ఎర్రమూత డబ్బా. దాన్నిండా అంచుదాకా పోసి మూతపెట్టింది. డాక్టరు దగ్గరికి పోయే రోజున సంచిలో పిల్ల గుడ్డలకింద పెట్టుకుని బస్సెక్కింది. సుకన్యకు తెలియాలని ఎవరన్నారు. తవుడు ఇచ్చినట్టు దేవునికి తెలిస్తే చాలదా. తను ఇచ్చింది, ఆమె పుచ్చుకుంది, అంతే కదా బేరమంటే. దారిపొడుగునా అదే తనకు తాను చెప్పుకుంది.

సుకన్య అద్దెకున్న ఇంటి యజమానులకు కింద పెరట్లో ఒక బర్రె ఉండేది. కూరగాయల తొక్కలు, కడుగునీళ్ళు సుకన్య దానికే పోసేది, బదులుగా ఇంటామె అప్పుడప్పుడు జున్ను ఇచ్చేది. హేమలతకు ఆ బర్రె అక్కరకొచ్చింది.

"మిల్లులో మంచి తౌడు దొరికిందక్కా. మీ ఇంటాయమ్మ బర్రెకుంటాదని తెచ్చినా," అంటూ డబ్బా చేతికిచ్చింది.

సుకన్య రెండు చేతులా అందుకుంది. మూత వైపు కాసేపు చూసింది. "ఇంత దూరం మోసుకొచ్చినావా, బర్రెకని," అంది. డబ్బా లోపలికి తీసుకుపోయింది.

డబ్బా ఆమె చేతిలోకి పోయిన క్షణాన హేమలత లోపల్లోపల, కొనుక్కున్నా, నా పిల్లను నేను కొనుక్కున్నా అని మూడుసార్లు అనుకుంది. ఆ రోజు పిల్ల పదమూడు ముద్దలు తిన్నా ఆమెకు బాధ కలగలేదు. తన పిల్లకు ఎవరో తినిపిస్తున్నారు, అంతే. తిరుగు బస్సులో పిల్లను ఒళ్ళో నిలబెట్టుకుని, నేనెవరు, అమ్మను, అమ్మా అను అని నేర్పింది. రంజని కిటికీలోంచి వెనక్కి, నంద్యాల వైపు చూపించి, అమ్మ ఆడుంది అంది.

మూడో రోజున పిల్లకు జ్వరం తగిలింది.

ఊళ్ళో డాక్టరు చూసి, పిల్లలందరికీ ఇదే తిరుగుతోంది, మూడు నాలుగు రోజులుంటుంది, నీళ్ళు తాగించండి, మందు వేళకు పోయండి అన్నాడు. నిజానికి ముందు పార్థుకే వచ్చి పోయింది. బడినుంచి తెచ్చిందే వాడు. ఆ సంగతి హేమలతకు తెలుసు. తెలిసినా నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆమె ధైర్యం జారిపోయింది. పిల్ల కళ్ళు తెరవడం లేదు. గాజుపెట్టెలో ఉన్నప్పటిలా పెదవులు ఎండిపోయాయి. గడువు తీరకముందే, దొంగతనంగా, బర్రె పేరు చెప్పి కొన్నందుకే ఇట్లా అయిందని ఆమె మనసులో గట్టిగా నాటుకుంది. పక్కన కూర్చున్న పద్మమ్మ, ఎన్నడూ లేంది తౌడమ్మకు ఏమొచ్చిందే అని మళ్ళీ మళ్ళీ అనడంతో ఆ గది అంతా తననే వేలెత్తి చూపిస్తున్నట్టయింది.

పెరట్లోకి పోయి, బట్టలుతికే బండ మీద కూర్చుని సుకన్యకు ఫోన్ చేసింది.

"అక్కా, నేను తప్పు చేసినా. ఆ పొద్దు నీకిచ్చిన తౌడు బర్రెకు కాదు. పిల్లను కొనుక్కుందామని తెచ్చినా, నీకు తెల్వకుండా. ఇప్పుడు దానికి నాలుగు దినాల నుంచి జొరం."

అవతల కుక్కర్ కూత వినపడింది, ఆగింది.

"ఏ బర్రెమే?" అంది సుకన్య. "మా ఇంటాయమ్మ నువ్వొచ్చే ముందు వారమే దాన్ని అమ్మేసింది. డబ్బా చేతిలో పెట్టినప్పుడే తెలిసింది నాకు. ఎర్రమూత డబ్బా నేను మర్చిపోతానా."

"తెలిసి ఏమీ అనలేదే."

"అంటే ఇచ్చేయాల్సొస్తాది కదా."

తర్వాత సుకన్యే, తవుడు ఎక్కడికీ పోలేదని, మూత కూడా తీయకుండా గ్యాస్ సిలిండర్ వెనక పెట్టానని, కాబట్టి బేరం కానట్టేనని, జ్వరం దానివల్ల వచ్చింది కాదని నెమ్మదిగా చెప్పింది. ఆ మాటకు హేమలతకు గుండెల మీది బండ దిగినట్టయింది. దిగిన వెంటనే కోపమొచ్చింది. ఈ మనిషికి అంతా తెలుసు. తెలిసి, సిలిండర్ వెనక దాచి, ఏమీ ఎరగనట్టు పదమూడు ముద్దలు తినిపించింది.

మరునాడు తెల్లవారేసరికి జ్వరం దిగింది. పిల్ల ఒళ్ళంతా చెమటపట్టి, లేచి కూర్చుని బిస్కెట్టు అడిగింది. సుకన్య బస్సు దిగి వాకిట్లోకి వచ్చింది ఆ తర్వాత రెండు గంటలకు. అయినా పద్మమ్మ ఇరుగుపొరుగుకు, పెద్దకోడలు అడుగుపెట్టింది, జొరం పరారైంది అనే చెప్పింది. రాత్రంతా తడిగుడ్డ మార్చిన హేమలత ఆ మాట వింటూ గిన్నెలు కాస్త గట్టిగా కడిగింది.

సుకన్య సంచిలోంచి ఎర్రమూత డబ్బా తీసి అరుగు మీద పెట్టింది. చాట తెమ్మంది. సంగతి విని పద్మమ్మ ఒప్పుకోలేదు. మాఘం రాలేదు, అహోబిలం పోలేదు, మధ్యలో ఇదేం పని అంది. ఎవరి కన్నయినా పడితే ఏమవుతుందని వాదించింది. సుకన్య ఆమె చెప్పేదంతా విని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మాఘం దాకా ఆగితే నేనియ్యలేనత్తా. ఇప్పుడైతే ఇస్తా."

పద్మమ్మ పక్కకు జరిగి దారిచ్చింది. హేమలత చెయ్యి చాట మీదే ఆగిపోయింది.

సుకన్య అప్పుడు హేమలతను చూసి చెప్పింది. ఆమె కొడుకులు పెద్దవాళ్ళయ్యారు. తల దువ్వబోతే తప్పుకుంటారు. వరసగా చెప్పులు విడిచి, తలుపేసుకుని చదువుకుంటారు. అన్నం పెట్టమ్మా అనడం తప్ప ఆ ఇంట్లో మాట వినపడదు. నీ ఇంట్లో ఒకతి మెడకు వేలాడుతుంటే ఒకడు కొంగు లాగుతుంటాడు, ఇంకొకతి జడ విప్పుకుని మళ్ళీ వేయమంటుంది, ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ అది చూసి కళ్ళల్లో కారం పడ్డట్టు అయ్యేదే అంది. నెలకు రెండుసార్లు ఆ పిల్ల పప్పు చేతులతో తన బుగ్గలు పట్టుకుంటుందని రెండు రోజుల ముందునుంచే పప్పు నానేసుకునేదట. పప్పు ఎవరైనా రెండు రోజులు నానేస్తారా అని హేమలత అనబోయి ఊరుకుంది.

చాటలో పాత చీర పరిచారు. రంజని ఇప్పుడు అందులో పట్టదు. కాళ్ళు బయటికి పెట్టుకుని, బిస్కెట్టు నములుతూ కూర్చుంది. హేమలత డబ్బా మూత తీసి సుకన్య ఒడిలో పోయబోయింది. సుకన్య కొంగు పట్టలేదు.

"రెండున్నరేళ్ళ నా పిల్ల. డబ్బాడు తౌడుకే ఇస్తానా? ఎండాకాలం సెలవల్లో పది దినాలు నాకాడ ఉండాల."

"అయిదు," అంది హేమలత.

"తొమ్మిది."

"అయిదంటే అయిదేక్కా."

అత్త నవ్వుతూ ఇద్దరి మొహాలూ చూసింది, వాళ్ళు నవ్వడం లేదని చూసి తనూ మానేసింది. బేరం ఏడు దగ్గర తెగింది. తలదువ్వడం సుకన్య చేయవచ్చు, తలకు పోయడం మాత్రం హేమలతే వచ్చి పోస్తుంది. ఆ మాటమీద సుకన్య కొంగు పట్టింది. హేమలత పిల్లను చాటలోంచి ఎత్తుకుని గట్టిగా హత్తుకుంది. ఎంత గట్టిగా అంటే పిల్ల బిస్కెట్టు విరిగి కిందపడి, అది ఏడుపు లంకించుకుంది.

ఇంతలో ఖాళీ అయిన చాటలో పార్థు ఎక్కి కూర్చున్నాడు. కాళ్ళు ముడుచుకుని, తనను కూడా పెద్దమ్మకు అమ్మమన్నాడు. నంద్యాల పోతానన్నాడు. వాళ్ళింట్లో బూట్లు పోవంట. సాయి ప్రియ వాణ్ణి పక్కకు తోసి, ముందు పెద్దదాన్ని అమ్మాలి, వరస ప్రకారం అంది. చాట ఒక పక్క పటుక్కున విరిగింది. సుకన్య ఒళ్ళో తవుడు పెట్టుకుని, ఇద్దరినీ కొంటాను, ఎంతకిస్తావే అని అడుగుతూ నవ్వడం మొదలుపెట్టింది. హేమలతకూ నవ్వొచ్చింది కాని, ముగ్గురిలో ఒకరైనా నేను అమ్మకానికి లేను పొమ్మంటే ఎంత బాగుండు అని కూడా అనిపించింది. చాట విరిచినందుకు ఇద్దరికీ చెరొక దెబ్బ వేసింది.

భోజనాలప్పుడు రంజని సుకన్య చేతి ముద్దలే తింది. హేమలత లెక్కపెట్టకూడదని వడ్డిస్తూ అటూ ఇటూ తిరిగింది. ఎనిమిది.

భోజనాలయ్యాక సుకన్య బస్సు వేళయిందని లేవబోతుండగా పెరటి మరుగుదొడ్డిలోంచి రంజని గొంతు వినపడింది.

"అమ్మా, అయిపోయింది."

ఇద్దరూ ఒకేసారి లేచారు. సుకన్య అప్పటికే రెండడుగులు వేసింది. హేమలత అడ్డం వచ్చింది.

"కూర్చోక్కా. నాది."

సుకన్య నిలబడిపోయి, మెల్లగా స్తంభానికి ఆనుకుంది. హేమలత చెంబు తీసుకుని పెరట్లోకి పోయింది. పిల్ల ఆమెను చూసి మొహం చిట్లించింది.

"నువ్వు కాదు. అమ్మ."

"నేనే. వంగు."

"కాదు, చిన్నమ్మా."

"ఎవరైనా నీళ్ళు ఇవే. వంగు."

పిల్ల ఏడుస్తూనే వంగింది. జారకుండా రెండు చేతులతో ఆమె మెడ పట్టుకుంది, రోజూ పట్టుకున్నట్టే. మెడ మీద బిస్కెట్టు, పప్పు, ఉప్పటి కన్నీళ్ళు అన్నీ అంటుకున్నాయి. హేమలత కడగడం అయిపోయినా, ఇంకో చెంబు నీళ్ళు ముంచి, మళ్ళీ నిదానంగా కడిగింది.